ఎనిమిదో లాట్ మాయమవుతోంది: సీ భాషలో స్ట్రింగ్‌ను (అక్షరాల వరుసను) ఇంటిజర్‌గా (పూర్తి అంకెగా) మార్చేటప్పుడు ఎక్కడ తప్పు చేస్తున్నా?

ఎర్రమిర్చి_హన్మకొండ
బీటెక్ సెకండియర్ చదువుతున్నా. మా మేనమామకు ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం ఉంది. సీజన్‌లో రోజుకు వంద లాట్ల పైనే మిర్చి దిగుతుంది. గుమాస్తా ఒక్కో లాట్‌కు ఒక్కో లైన్ చొప్పున నోట్‌ప్యాడ్‌లో కొడతాడు. లాట్ నంబర్, బస్తాలు, బరువు, ధర, మధ్యలో నిలువు గీతలు. ఆ ఫైల్ చదివి తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) లెక్క కట్టే ప్రోగ్రామ్ నేను సీలో రాశా. అక్షరాలను అంకెగా మార్చడానికి మొదట ఏటూఐ ఫంక్షన్ పెట్టా, పని చేసింది. మా సీనియర్ ఒకాయన చూసి "ఏటూఐ వాడకూడదు, అదే పని చేసే స్ట్ర్‌టోల్ వాడు" అన్నాడు. మార్చా. అప్పటి నుంచి 008, 009 లాట్లు కనిపించడం లేదు. 0 నంబర్‌తో లాట్ ఒకటి కనిపిస్తోంది. ఎనిమిదో లాట్ అడిగితే 62 బస్తాలు చూపిస్తోంది, నిజానికి అవి 31. రైతు చేతికి చీటీ వెళ్లేలోపే మామ పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. రెండు రోజులుగా టెన్షన్‌తో నిద్ర లేదు. ఫోన్‌లో రాస్తున్నా, కోడ్ పేస్ట్ చేయలేను. ఏమి అడిగినా మాటల్లో చెప్తా.

కాజీపేట_జంక్షన్
స్ట్ర్‌టోల్‌కు మూడో ఆర్గ్యుమెంట్ (బ్రాకెట్లలో ఇచ్చే మూడో విలువ) ఏమిచ్చావు?

ఎర్రమిర్చి_హన్మకొండ
0 ఇచ్చా అన్నా. 0 ఇస్తే బేస్ (అంకెను ఏ పద్ధతిలో చదవాలో) అదే చూసుకుంటుందని ఎక్కడో చదివా.

కాజీపేట_జంక్షన్
దొంగ దొరికాడు. అది బేస్ చూసుకునేది సీ భాష పద్ధతిలో. సీ కోడ్‌లో సున్నాతో మొదలయ్యే అంకె ఆక్టల్, అంటే ఎనిమిది బేస్. సున్నా తర్వాత ఎక్స్ ఉంటే పదహారు బేస్. మామూలు అంకెతో మొదలైతేనే పది బేస్. నీ గుమాస్తా 008 అని కొడితే స్ట్ర్‌టోల్ ముందు సున్నా చూసి ఇది ఆక్టల్ అనుకుంటుంది. ఆక్టల్‌లో 8 అనే అంకే లేదు కదా, రెండు సున్నాలు తీసుకుని అక్కడే ఆగిపోయి 0 ఇస్తుంది. 009 కూడా అంతే. 010 కి 8 వస్తుంది. నీ ఎనిమిదో లాట్‌లో కూర్చున్న 62 బస్తాలు పదో లాట్‌వి, ఒకసారి పుస్తకంలో చూసుకో.

ఎర్రమిర్చి_హన్మకొండ
చూశా. పదో లాట్ 62 బస్తాలే!!

రామప్ప_ఇటుక
ఇంకా కింద కూడా చూడు. 018, 019 రెండూ 1 అవుతాయి, ఎందుకంటే 01 వరకు చదివి 8 దగ్గర ఆగిపోతుంది. అంటే ఆ ఇద్దరు రైతుల సరుకు మొదటి లాట్‌లో కలిసిపోయి ఉంటుంది. 045 కి 37 వస్తుంది. 100 నుంచి ముందు సున్నా ఉండదు కాబట్టి అన్నీ సరిగానే కనిపిస్తాయి. 001 నుంచి 007 కూడా సరిగానే ఉంటాయి. పైనా కిందా చూసి బాగుందనుకుంటే మధ్యలో తొంభై లాట్లు గల్లంతు.

పాకాల_చెరువు
ఇదే దెబ్బ నాకు స్ట్రింగ్ నుంచి విలువలు చదివే ఎస్‌స్కాన్‌ఎఫ్‌లో తగిలింది. అంకె చదవమని చెప్పే గుర్తు పర్సెంట్ డీ బదులు పర్సెంట్ ఐ పెట్టా. రెండూ ఒకటే అని మాకు ల్యాబ్‌లో చెప్పారు. ప్రింట్ చేసేటప్పుడు ఒకటే, చదివేటప్పుడు కాదు. పర్సెంట్ ఐ కూడా ముందు సున్నా ఉంటే ఆక్టల్‌గానే చదువుతుంది. మా హాజరు ప్రాజెక్ట్‌లో రోల్ నంబర్ 012 అబ్బాయికి నెలంతా 10 వాడి హాజరు పడింది.

లక్నవరం_వంతెన
ఎనిమిదో లాట్ రైతు ఎనిమిది దిక్కులా వెతుక్కోవాల్సి వచ్చేది పాపం 😄

సిరిసిల్ల_మగ్గం
ఇదంతా చదివితే నాకు అర్థమైంది ఒకటే. ఏటూఐ ఎప్పుడూ పది బేస్‌లోనే చదువుతుంది. 008 ఇస్తే 8 ఇస్తుంది. బాగా నడుస్తున్నదాన్ని సీనియర్ మాట విని చెడగొట్టుకున్నావు. వెనక్కి మార్చుకో, అయిపోయింది. మా సాంచాల (మరమగ్గాల) మీటర్ల లెక్కకు పదేళ్లుగా ఏటూఐ వాడుతున్నా, ఒక్కరోజు తప్పలేదు.

కాజీపేట_జంక్షన్
వెనక్కి ఎందుకు? 0 తీసి 10 పెడితే చాలు.

రామప్ప_ఇటుక
సిరిసిల్ల అన్నా, 008 విషయంలో మీరు చెప్పింది నిజమే. కానీ ఈ తమ్ముడు కట్టేది రైతు లెక్క, ఏటూఐ అక్కడ పనికిరాదని నేను గట్టిగా చెప్తా. దానికి ఎక్కడ ఆగిందో చెప్పే నోరు లేదు. గుమాస్తా బరువు దగ్గర 1,250 అని కామాతో కొడితే ఏటూఐ 1 ఇస్తుంది. కామా చూడగానే ఆగిపోయి, ఆగానని మాత్రం చెప్పదు. పన్నెండున్నర క్వింటాళ్ల మిర్చి ఒక కిలో అయిపోతుంది. పొరపాటున ఆ గడి ఖాళీ వదిలేస్తే 0. అక్షరాలు కొడితే 0. నిజంగా సున్నా కొడితే కూడా 0. ఈ మూడు సున్నాల్లో ఏది ఏదో మీకెలా తెలుస్తుంది?

ఇంకొకటి, నాకు బాగా కోపం తెప్పించేది. బరువు బస్తాల వారీగా చదివిస్తే, కాంటా మీద బస్తా 42.6 తూగితే ఏటూఐకి అది 42. చుక్క దగ్గర ఆగిపోతుంది. బస్తాకు సగటున అర కిలో పోయిందనుకో, 31 బస్తాల లాట్‌లో 15 కిలోలు. క్వింటాల్ 18,000 అనుకుంటే ఆ ఒక్క రైతుకు 2,700 రూపాయలు నష్టం. దడ్వాయి సరిగ్గానే తూచాడు, గుమాస్తా సరిగ్గానే కొట్టాడు, మధ్యలో ప్రోగ్రామ్ మింగింది. మా నాన్న నర్సంపేట నుంచి బండి కట్టుకుని రాత్రంతా యార్డ్‌లో పడుకుని అమ్ముకున్న మనిషి. ఇది నాకు చిన్న విషయం కాదు.

సిరిసిల్ల_మగ్గం
నా ఫైళ్లు మెషిన్ రాస్తుంది, మనిషి కొట్టడు. అంకెలు తప్ప ఇంకేమీ రావు. అందుకే నాకు నడుస్తోంది కాబోలు. చుక్క సంగతి మాత్రం ఆలోచించలేదు, మీటర్లు నాకు పూర్తి అంకెల్లోనే వస్తాయి.

రామప్ప_ఇటుక
అవును, మెషిన్ రాసిన ఫైల్‌కు మీ పద్ధతి నడుస్తుంది. ఒక్క హద్దు గుర్తుంచుకోండి. మన మామూలు కంప్యూటర్లలో ఇంట్‌లో (సీలో పూర్తి అంకెలు దాచే రకం) పట్టే గరిష్ఠ అంకె 2147483647, అంటే 214 కోట్ల చిల్లర. అది దాటితే ఏటూఐ ఏం చేయాలో సీ స్టాండర్డ్ చెప్పనే లేదు, ఏమైనా చేయొచ్చు. నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో 5000000000 ఇస్తే 705032704 వచ్చింది. 500 కోట్లు 70 కోట్లయింది, ఎర్రర్ లేదు ఏమీ లేదు.

ఎర్రమిర్చి_హన్మకొండ
10 పెట్టా, 008, 009 వచ్చేశాయి. థాంక్యూ కాజీపేట అన్నా. కానీ రామప్ప అన్న చెప్పింది చదివాక భయం వేస్తోంది. ఎక్కడ ఆగిందో తెలుసుకోవడం ఎలా? రెండో ఆర్గ్యుమెంట్ నల్ (ఏమీ వద్దని) ఇచ్చేశా నేను.

రామప్ప_ఇటుక
నల్ ఇచ్చావంటే స్ట్ర్‌టోల్‌ను ఏటూఐ చేసి పెట్టుకున్నట్టే. అక్కడ ఒక క్యారెక్టర్ పాయింటర్ (ఒక అక్షరం ఉన్న చోటును చూపించేది) అడ్రస్ ఇవ్వు, అందరూ ఎండ్ అని పేరు పెడతారు. చదవడం ఎక్కడ ఆగిందో అక్కడికి దాన్ని జరిపి పెడుతుంది.

నీ లైన్‌లో 1,250 ఉందనుకో. పిలిచి వచ్చాక ఎండ్ కామా మీద నిలబడి ఉంటుంది. నీకు అక్కడ నిలువు గీత ఉండాలి కదా, కామా ఉంది, వెంటనే ఆ లైన్ పక్కన పెట్టెయ్. గడి ఖాళీగా ఉంటే ఎండ్ అసలు కదలదు, మొదలుపెట్టిన చోటే ఉంటుంది. అదీ గుర్తు, ఒక్క అంకె కూడా దొరకలేదని. ఇప్పుడు నిజమైన సున్నా వేరు, ఖాళీ వేరు.

అంకె హద్దు దాటిందో లేదో తెలియడానికి ఎర్‌నో (ఎర్రర్ నంబర్) ఉంది. పిలిచే ముందు నీ చేత్తో దాన్ని 0 చెయ్, లైబ్రరీ దాన్ని ఎప్పుడూ తనంతట తాను 0 చేయదు. పిలిచాక ఎర్‌నో ఈరేంజ్ అయితే అంకె లాంగ్‌లో (స్ట్ర్‌టోల్ తిరిగి ఇచ్చే పూర్తి అంకెల రకం) పట్టలేదని. అప్పుడు తిరిగి వచ్చే విలువ లాంగ్ గరిష్ఠమో కనిష్ఠమో అవుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకు.

ఇవన్నీ దాటాక నీ సొంత హద్దు పెట్టు. ముందు మైనస్ ఉన్నా స్ట్ర్‌టోల్ హాయిగా చదువుతుంది, ముందు ఖాళీలున్నా దాటేస్తుంది. మైనస్ 5 బస్తాలు ఎవరూ తేరు. అది చూడాల్సింది నువ్వే.

పాకాల_చెరువు
ఎఫ్‌గెట్స్‌తో లైన్ చదువుతున్నావా? చివరి గడి ధర కదా, దాని తర్వాత న్యూలైన్ (లైన్ ముగింపు గుర్తు) ఉంటుంది. ఎండ్ అక్కడ స్ట్రింగ్ చివర ఉండాలని చూస్తే ప్రతి లైన్ తప్పు అంటుంది. విండోస్ ఫైల్‌ను లైనక్స్‌లో చదివితే న్యూలైన్‌కు ముందు క్యారేజ్ రిటర్న్ కూడా వస్తుంది. ఎండ్ నుంచి ఖాళీలు, ఈ రెండూ దాటించి తర్వాత చూడు.

మంచిర్యాల_బొగ్గు
విండోస్ అంటే గుర్తొచ్చింది. నువ్వు రాసింది లైనక్స్‌లో, దుకాణంలో నడిచేది విండోస్‌లో అయితే లాంగ్ సైజు వేరు. 64 బిట్ లైనక్స్‌లో లాంగ్ 64 బిట్లు, 64 బిట్ విండోస్‌లో కూడా లాంగ్ 32 బిట్లే. మా దగ్గర రైతు ఫోన్ నంబర్‌ను లాంగ్‌లో పెట్టారు ఒకరు. ఇంట్లో టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా నడిచింది, అక్కడ పెట్టగానే అందరి ఫోన్ నంబర్ 2147483647. లాంగ్ లాంగ్ వాడి స్ట్ర్‌టోల్‌కు ఇంకో ఎల్ కలిపిన ఫంక్షన్ పిలిస్తే సరిపోయింది.

నిర్మల్_కొయ్యబొమ్మ
ఫోన్ నంబర్‌ను అంకెగా మార్చడం ఎందుకు? దాన్ని ఎవరూ కూడరు, తీసెయ్యరు. స్ట్రింగ్‌గానే ఉంచాలి. మన మొబైల్ నంబర్లన్నీ 6 నుంచి 9 వరకు ఉన్న అంకెలతో మొదలవుతాయి, పదంకెలు, ఇంట్‌లో ఒక్కటి కూడా పట్టదు. నన్నడిగితే లాట్ నంబర్‌ను కూడా స్ట్రింగ్‌గానే ఉంచాలి. 008 అని చీటీ మీద ఉంటే 008 అనే పోల్చుకోవాలి. ఈ తమ్ముడి తిప్పలన్నీ మార్చక్కర్లేనిదాన్ని మార్చడం వల్లే.

కాజీపేట_జంక్షన్
లాట్ విషయంలో ఒప్పుకోను. గుమాస్తా ఒకసారి 008, ఇంకోసారి 8 కొడతాడు. స్ట్రింగ్‌గా పోలిస్తే అవి రెండు లాట్లు. అంకెగా మారిస్తే ఒకటే.

నిర్మల్_కొయ్యబొమ్మ
అది సబబే. ఫోన్ నంబర్ మాత్రం మార్చొద్దు.

మంచిర్యాల_బొగ్గు
బస్తాలు మైనస్ ఉండవు కదా అని స్ట్ర్‌టౌల్ వాడదాం అనుకుంటావేమో, అది అన్‌సైన్డ్ (మైనస్ లేని రకం) కాబట్టి. వద్దు. మైనస్ 1 ఇస్తే అది వద్దనదు, తీసుకుని తిప్పి గరిష్ఠ అంకె ఇస్తుంది. విండోస్‌లో 4294967295 బస్తాలు. ఎర్‌నో కూడా ఏమీ చెప్పదు.

వేయిస్తంభాలు
ఇవన్నీ లైబ్రరీ సంగతులు. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో లైబ్రరీ లేకుండా రాయమంటారు, అది కూడా నేర్చుకో. ఒక్కో అక్షరం తీసుకుని అందులోంచి '0' తీసేస్తే అంకె వస్తుంది. ఆస్కీలో (అక్షరాలకు నంబర్లిచ్చే పట్టికలో) '0' విలువ 48, '7' విలువ 55, తేడా 7. ఇప్పటిదాకా వచ్చినదాన్ని పదితో గుణించి ఇది కలపాలి. 48 అని రాయకుండా '0' అనే రాయండి. 0 నుంచి 9 వరకు వరుసగా ఉంటాయని సీ స్టాండర్డ్ హామీ ఇచ్చింది, ఏ మెషిన్‌లోనైనా నడుస్తుంది.

నన్ను అడిగింది ఇదే, రెండు నిమిషాల్లో రాసేశా. తర్వాత ఇంటర్వ్యూ చేసినాయన ఒక్క ప్రశ్న వేశాడు, "మైనస్ 2147483648 ఇస్తే?" ఆగిపోయా. ప్లస్ వైపు 2147483647 వరకే ఉంది, మైనస్ వైపు ఒకటి ఎక్కువ. ముందు ప్లస్‌గా కూడి చివర మైనస్ పెడదామనుకుంటే కూడేటప్పుడే పొంగిపోతుంది, అంటే ఇంట్ హద్దు దాటిపోతుంది. ఇంటికొచ్చాక తెలిసింది, మొదటి నుంచీ మైనస్ వైపే కూడుతూ పోయి, ప్లస్ అయితే చివర తిప్పాలి. పొంగిందా అని గుణించాక చూస్తే లాభం లేదు, గుణించకముందే చూడాలి. సైన్డ్ ఇంట్ పొంగితే సీలో ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వరు, మనం తర్వాత రాసిన చెక్‌ను కంపైలర్ ఏకంగా తీసెయ్యొచ్చు.

భద్రకాళి_గట్టు
ఇక్కడ ఎవరూ అడగలేదు కానీ నేను దెబ్బతిన్నది చెప్తా. మా దగ్గర ఒక పెద్దాయన ఫోన్‌లో తెలుగు కీబోర్డ్‌తో ౧౨౩ అని కొట్టి పంపాడు. స్ట్ర్‌టోల్‌కు ఇస్తే ఎండ్ కదల్లేదు. దానికి తెలుగు అంకెలు రావు. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే పద్ధతి) మన ఒక్కో అంకె మూడు బైట్లు, మొదటిది 224, రెండోది 177, మూడోది ౦కి 166 నుంచి ౯కి 175 వరకు. మొదటి రెండూ సరిపోతే మూడోదాంట్లోంచి 166 తీసేస్తే అంకె వచ్చేస్తుంది. పది లైన్లు రాశా, పెద్దాయన పాత అలవాటు మార్చుకోనక్కర్లేకుండా పోయింది. నాకు చాలా తృప్తినిచ్చిన పది లైన్లు అవి.

రాసేటప్పుడు ఒక తప్పు చేశా. ప్రతి బైట్‌ను నేరుగా, అది అంకెనా కాదా చెప్పే ఈజ్‌డిజిట్‌కు ఇచ్చా. మన పీసీల్లో క్యారెక్టర్ సైన్డ్ (మైనస్ విలువలూ ఉండే రకం), 224 అనేది మైనస్ 32 అవుతుంది. మైనస్ విలువ ఇస్తే ఈజ్‌డిజిట్ ఏమైనా చేయొచ్చు. ముందు అన్‌సైన్డ్ క్యారెక్టర్‌గా మార్చి ఇవ్వాలి.

సిరిసిల్ల_మగ్గం
తెలుగు అంకెలు చదివే కోడ్ రాశారంటే నమస్కారం అన్నా. మా నాయన బాకీ పుస్తకం ఇప్పటికీ ఆ అంకెల్లోనే ఉంది.

ఎర్రమిర్చి_హన్మకొండ
మీరు చెప్పినవన్నీ పెట్టా. ఎండ్ చూస్తున్నా, ఎర్‌నో చూస్తున్నా. ఇప్పుడు ఫైల్‌లో మొదటి లైన్ ఒక్కటే తప్పు అంటోంది. అంకె దొరకలేదు అంటోంది. తెరిచి చూస్తే 001 కళ్లెదురుగా ఉంది! మిగతా లైన్లన్నీ బాగున్నాయి.

భద్రకాళి_గట్టు
పాత విండోసా? పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో కంటికి కనపడని మూడు బైట్లు పెడుతుంది, 239, 187, 191. బామ్ అంటారు. మొదటి లైన్‌లో అవి ఉంటే మూడు బైట్లు దాటి చదువు.

ఎర్రమిర్చి_హన్మకొండ
అదే అన్నా!! వచ్చేసింది.

లక్నవరం_వంతెన
ఏటూఐ ఉన్నప్పుడు మొదటి లాట్ 0 అయి ఉంటుంది కదా ఇన్నాళ్లూ?

ఎర్రమిర్చి_హన్మకొండ
అవును. పాత ఫైళ్లు మళ్లీ నడిపించి చూస్తున్నా. లెక్క ఎప్పుడూ పుస్తకంతో సరిచూసుకున్నాకే మామ డబ్బులిస్తాడు, అదృష్టం.

పాకాల_చెరువు
కామాలు ఏం చేస్తున్నావు? తీసేసి చదువుతున్నావా? 1,25,000 అని కొడితే రైతుకు అర్థమవుతుంది కదా.

ఎర్రమిర్చి_హన్మకొండ
తీసేద్దామనే అనుకున్నా. మామ వద్దన్నాడు. గుమాస్తా తొందరలో చుక్క బదులు కామా కొడతాడట. 42,6 అని కొడితే కామా తీసేస్తే 426 కిలోల బస్తా అవుతుంది. ఆపి అడగడమే మంచిదన్నాడు.

రామప్ప_ఇటుక
మీ మామకు దండం. బరువు ఎలా చదువుతున్నావు? చుక్కకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి స్ట్ర్‌టోల్ పిలుస్తుంటే జాగ్రత్త. 42.5 లో చుక్క తర్వాత 5, 42.05 లో చుక్క తర్వాత కూడా 5 వస్తుంది. ఒకటి 500 గ్రాములు, ఇంకోటి 50. ఎండ్ ఎన్ని అక్షరాలు జరిగిందో లెక్కపెట్టి దాన్నిబట్టి గ్రాములు చెయ్. లేదంటే చుక్క ఉన్న అంకెలు చదివే స్ట్ర్‌టాడ్‌తో చదివి వెయ్యితో గుణించి దగ్గరి అంకెకు రౌండ్ చెయ్, ఊరికే ఇంట్‌లో వేస్తే మళ్లీ కొస కోసేస్తుంది. ఎలా చేసినా లోపల లెక్కంతా గ్రాముల్లో, పూర్తి అంకెల్లో ఉంచు.

ఎర్రమిర్చి_హన్మకొండ
స్ట్ర్‌టాడ్, రౌండ్, గ్రాములు. పెట్టేశా.

ఇవాళ దుకాణంలో కూర్చుని నడిపించా. 112 లైన్లలో మూడు పక్కన పెట్టింది. ఒకటి కామా. ఒకటి ధర గడి ఖాళీ, గుమాస్తా తర్వాత నింపుదామని మరిచిపోయాడు. మూడోది అరగంట చూసినా తప్పెక్కడో కనపడలేదు, ఎండ్ ఎక్కడ ఆగిందో ప్రింట్ చేస్తే తేలింది. లాట్ 105 లో మధ్య సున్నా సున్నా కాదు, ఇంగ్లిష్ ఓ అక్షరం. ఏటూఐ అయితే అది మొదటి లాట్‌లో కలిసిపోయేది. ఆ లాట్ పరకాల నుంచి వచ్చిన ఒక అవ్వది. చీటీ ఇచ్చేటప్పుడు నేనే వెళ్లి ఇచ్చా.

కాజీపేట_జంక్షన్
తప్పున్న లైన్ నంబర్, ఆగిన చోటు రెండూ స్క్రీన్ మీద పెద్దగా చూపించు. నువ్వు కాలేజీకి వెళ్లాక చూసుకోవాల్సింది గుమాస్తానే.

ఎర్రమిర్చి_హన్మకొండ
చూపిస్తున్నా అన్నా. ఆగిన అక్షరం కింద బాణం గుర్తు పెట్టా. గుమాస్తా "ఇట్ల చూపెడితే నేనే దిద్దుకుంటా" అన్నాడు.

సిరిసిల్ల_మగ్గం
రాత్రి నా మీటర్ల ప్రోగ్రామ్ తెరిచి ఎండ్ చెక్ పెట్టి పాత ఫైళ్ల మీద నడిపించా. రెండు లైన్లలో మెషిన్ అంకె బదులు చుక్కలు రాసింది, కరెంట్ పోయిన రోజువి. అవి ఇన్నాళ్లూ 0 మీటర్లుగా పోయాయి. ఆ రెండు రోజుల కూలి ఎవరికి తక్కువైందో పుస్తకం తీసి చూస్తున్నా.